రెండు లైన్ల జాగా

ఫిబ్రవరి 11

ఈ డైరీ మా ప్రెస్సులో చెడిపోయిన సరుకు. ఆగస్టు నెల మొత్తం తలకిందులుగా కుట్టేశారు. వేయించుకున్న కంపెనీవాళ్ళు తిరగ్గొడితే కట్టలు కట్టి మూల పడేశారు. అందులోంచి నేనొకటి తెచ్చుకున్నాను. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఊరందరి మాటలూ పేజీల్లో సర్దుతున్నాను గాని సొంతానికి ఒక్క పేజీ రాసుకున్న పాపాన పోలేదు.

"ఏం రాస్తారు అందులో?" అంది మా ఆవిడ.

"నీ మీద పితూరీలు."

"అయితే ఒకటి చాలదు, ఇంకోటి తెచ్చుకోండి."

ఫిబ్రవరి 19

బనియను మీద కుడివైపు చిన్న మరక. ఇంకు అనుకున్నాను, కాదు. ఇవాళ మిషను గదిలోకి నేను వెళ్ళనే లేదు. కాగితం కట్టలు మోసేటప్పుడు ఎదకి ఆనించుకోవడం నాకు మొదటినుంచీ అలవాటు. కట్ట మూల సరిగ్గా అక్కడే తగులుతుంది. గీసుకుని ఉంటుంది.

ఫిబ్రవరి 20

మరక లేదు. అదీ సంగతి.

మార్చి 6

క్యాన్సరు ఆస్పత్రి నుంచి డాక్టరమ్మ వచ్చారు. సన్నగా, పొడుగ్గా, మాట తూచినట్టు మాట్లాడతారు. రొమ్ము క్యాన్సరు గురించి కరపత్రం వెయ్యాలట, పదివేల కాపీలు. సగం కాగితం సైజు, ఒకవైపే అచ్చు.

"సిగ్గుపడి దాచుకుంటున్నారండీ. మా దగ్గరికి వచ్చేసరికి మేం చెయ్యడానికి ఏమీ మిగలడం లేదు. అక్షరాలు పెద్దగా ఉండాలి. కళ్ళజోడు లేనివాళ్ళు కూడా చదవగలగాలి" అన్నారు.

ఆవిడ చేతిరాత డాక్టర్ల రాతలా లేదు, ముత్యాల్లా ఉంది. నొప్పి లేని గడ్డ. చనుమొన లోపలికి లాక్కుపోవడం. మొన నుంచి నీరో రక్తమో రావడం. చర్మం కమలాపండు తొక్కలా గుంటలు పడటం. మానని పుండు. చంకలో బిళ్ళ. "నొప్పి లేదు కదా అని ఊరుకోకండి" అన్న మాట కింద రెండు గీతలు.

టైపు చేస్తుంటే అమ్మ గుర్తొచ్చింది. అమ్మ పోయేటప్పటికి నాకు పదిహేనేళ్ళు. ఎదమీద పుండుని ఏడాదిపాటు బట్ట మడిచి పెట్టుకుని దాచింది. వాసన వచ్చాకగాని ఇంట్లో ఎవరికీ తెలియలేదు. ఇన్నేళ్ళయినా తలుచుకుంటే నాకు ఏడుపు రాదు, కోపం వస్తుంది. మొండి మనిషి. ఎవరైనా అలా దాచుకుంటారా?

మార్చి 9

పొద్దున డాక్టరమ్మ వచ్చి ప్రూఫు చదివి సంతకం పెట్టారు. ఒక్క తప్పు కూడా లేదని మెచ్చుకున్నారు కూడా. ప్రూఫు చదివేవాడికి అక్షరాలే కనిపిస్తాయి, అర్థం కనిపించదు, అందుకే తప్పులుండవు అన్నాను. నవ్వారు.

మధ్యాహ్నం ఓనరు నా బల్ల దగ్గరికి వచ్చాడు. వాళ్ళ నాన్న హయాం నుంచీ ఉన్నానని నన్ను బాబాయ్ అంటాడు. పని చెప్పేటప్పుడు మరీ ఎక్కువగా అంటాడు.

"బాబాయ్, కింద మన ప్రెస్సు పేరేది?"

"జాగా లేదు."

"పదివేలమంది ఇళ్ళకెళ్ళే కాగితం బాబాయ్. మన పేరు, ఫోను నంబరు లేకపోతే ఎలా? నువ్వు తలుచుకుంటే జాగా దొరక్కపోవడమేంటి?"

అరగంట కుస్తీ పట్టాను. అక్షరం తగ్గించకూడదు, డాక్టరమ్మ మాట. అంచులు ఇంకా జరిపితే కటింగులో పోతాయి. లక్షణాల్లో ఒక్కటీ తీయడానికి లేదు. చిట్టచివర రెండు లైన్లున్నాయి: "ఈ జబ్బు అరుదుగా మగవాళ్ళకూ వస్తుంది. పై లక్షణాలు కనిపిస్తే వాళ్ళూ వెంటనే డాక్టరుకు చూపించుకోవాలి." అవి తీసేశాను. ప్రెస్సు పేరు అతికినట్టు సరిపోయింది.

సంతకం అయ్యాక ప్రూఫులో అక్షరం ముట్టుకోకూడదని కొత్తగా చేరినవాళ్ళకి నేర్పేది నేనే. ఫోను చేసి అడగాల్సింది. డాక్టర్లు ఫోనులో దొరుకుతారా? అయినా రొమ్ము క్యాన్సరు వచ్చిన వందమందిలో ఒక్కడు మగవాడట. ఆ ఒక్కడూ మా ఊళ్ళోనే ఉంటాడా ఏం?

మార్చి 11

కరపత్రం మిషనెక్కింది. మిషను తోలేవాడు, మేమంతా లౌడ్‌స్పీకరు అని పిలిచేవాడు, మొదటి కాపీ చేత్తో పట్టుకుని పైనుంచి కిందిదాకా చదివాడు. ఆ మోతకి చెవులు పోయి, తను గుసగుసలాడుతున్నాననుకుంటాడు గాని వీధి చివరిదాకా వినిపిస్తుంది. వాడు "చనుమొన" అని అరిచేసరికి బైండింగు దగ్గర ఆడవాళ్ళు తలలు దించుకుని ఒకటే నవ్వు. నాకూ నవ్వాగలేదు.

ఏప్రిల్ 2

నేను తెచ్చిన కరపత్రాన్ని మా ఆవిడ బీరువా తలుపుకి లోపలివైపు అంటించింది. నెలకోసారి అద్దం ముందు నిలబడి చూసుకుంటానంటోంది. పక్కింటావిడకి ఒకటి, పాలావిడకి ఒకటి ఇచ్చింది. "మొదటిసారి మీరు వేసిన కాగితం ఒకటి పనికొచ్చింది" అంది.

ఏప్రిల్ 17

బట్టలుతుకుతూ బనియను పట్టుకొచ్చింది.

"ఏమండీ, ఈ మరకేంటి?"

"కట్ట గీసుకుంది."

"ఎప్పుడూ కుడివైపేనా గీసుకునేది? కిందటి వారం కూడా ఇక్కడే ఉంది. చొక్కా విప్పండి."

ఇద్దరం ఏభై దాటినవాళ్ళం, పట్టపగలు వసారాలో చొక్కా విప్పించింది. వేలితో నొక్కి చూసింది. చల్లటి తడి చెయ్యి.

"ఇక్కడేదో గట్టిగా ఉంది. బఠాణీ గింజంత. నొప్పిగా ఉందా?"

"లేదు."

"మొన కూడా లోపలికి పోయింది చూడండి. ఆ కాగితంలో అచ్చం ఇలాగే..."

"ఆ కాగితం వేసింది నేను. అందులో మగవాళ్ళ ఊసు ఎక్కడైనా ఉందా? వెళ్ళి చూసుకో."

వెళ్ళింది. బీరువా తెరిచి, పెదాలు కదుపుతూ, ఒక్కో లైనూ వేలు పెట్టి చదివింది. ప్రెస్సు పేరు, ఫోను నంబరు కూడా చదివింది. తిరిగొచ్చి "లేదు" అంది. మొహం తేటపడింది.

"నేనొక పిచ్చిదాన్ని."

"నయం, నాకు నెల తప్పిందనలేదు" అన్నాను.

నవ్వింది. నవ్వీ నవ్వీ గోడకి ఆనుకుంది.

ఆ రెండు లైన్ల సంగతి అప్పుడు నాకు గుర్తు రాలేదు. ఇప్పుడు రాస్తుంటే వచ్చింది. రేపు చెప్తాను.

ఏప్రిల్ 18

బడిపుస్తకాల పని వచ్చి పడింది. ఊపిరాడటం లేదు.

ఏప్రిల్ 30

కట్టల్ని ఎడమవైపు ఆనించుకుని మోస్తున్నాను. కుడివైపు ఒత్తిడి తగ్గితే అదే తగ్గుతుంది.

మే 21

తగ్గలేదు. పెరగనూ లేదు. పెరిగితే కొద్దిగా.

జూన్ 8

చంకలో బిళ్ళ కట్టింది. వేడి చేసి ఉంటుంది. ఎండలు అలా ఉన్నాయి మరి.

జూన్ 27

నడుం పట్టేసింది. వంగితే లేవలేను, లేస్తే కూర్చోలేను. ముప్ఫై ఏళ్ళు ఒకే కుర్చీలో కూర్చుంటే నడుం కాక ఇంకేం పోతుంది? ఓనరు కొత్త కుర్చీ తెప్పించాడు. చక్రాలున్నది. లౌడ్‌స్పీకరు నన్ను అందులో కూర్చోబెట్టి గది అంతా తోశాడు. "రాజుగారి ఊరేగింపు!" అని వాడి గుసగుస.

జూలై 12

చర్మం చిట్లింది. పెద్దదేం కాదు.

బట్ట మడిచి లోపల పెట్టుకుంటున్నాను. మిషన్లు తుడిచే కొత్త గుడ్డలు ప్రెస్సులో బోలెడు. మా ఆవిడ చూడకుండా అక్కడే పారేసి వస్తున్నాను. ఇంట్లో నా బనియన్లు నేనే ఉతుక్కుంటున్నాను. "ఇదేం కొత్త బుద్ధి?" అంది. నీ పని తగ్గిద్దామని అన్నాను. మురిసిపోయింది.

జూలై 13

పైన రాసింది మళ్ళీ చదివాను. అమ్మ కూడా బట్టే మడిచి పెట్టుకుంది.

ఆగస్టు 5

నెల మారింది, డైరీ తిప్పి పట్టుకుని రాయాల్సి వస్తోంది.

మొన్న కాగితం రీము ఎత్తబోయి పడ్డాను. నడుంలో ఏదో చిటుక్కుమంది. లేవలేకపోయాను. లౌడ్‌స్పీకరు ఎత్తుకుని బల్లమీద పడుకోబెట్టి, గాలాడాలని చొక్కా గుండీలు విప్పాడు. మడిచిన గుడ్డ బయటపడింది. వాడు గుడ్డ తీసి చూశాడు. వాడి నోట మాట రాలేదు. వాడి నోట మాట రాకపోవడం నేను చూడటం అదే మొదలు.

మా ఆవిడకి వాడే ఫోను చేశాడు. ఆస్పత్రిలో ముక్క తీసి పరీక్షకి పంపారు. ఏవేవో ఫొటోలు తీశారు.

ఆగస్టు 14

మా ఆవిడ ఫైలు మీద ముద్ర వేయించుకోవడానికి కిందికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ లోపలికి పిలిచారు. ఆవిడే. నన్ను గుర్తుపట్టారు.

"రొమ్ము క్యాన్సరే. చంకలోకీ, అక్కడినుంచి వెన్నుపూసలోకీ వెళ్ళింది. మీ నడుంనొప్పి అదే."

నడుం వెనక చెయ్యి పెట్టుకున్నాను.

"మొదట ఎప్పుడు గమనించారు?"

"ఫిబ్రవరి పంతొమ్మిది" అన్నాను. తేదీ అంత కచ్చితంగా చెప్పేసరికి తలెత్తి చూశారు.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా?"

"మా అమ్మకి."

"అమ్మకో అక్కచెల్లెళ్ళకో ఉంటే కొడుకులకి కూడా ముప్పు పెరుగుతుందండీ. ఆడవాళ్ళ రక్తంలోనే వస్తుందనుకుంటారు అందరూ. మీకు పిల్లలు?"

"ఒక్కతే అమ్మాయి."

రాసుకున్నారు. కలం మూత పెట్టి నెమ్మదిగా అడిగారు.

"నా కరపత్రం మీ చేత్తోనే వేశారు. మగవాళ్ళ సంగతి చివర్న రాశాను, మీరు చదివే ఉంటారు. అప్పుడే వచ్చి ఉంటే, బఠాణీ గింజంత ఉన్నప్పుడు, మనం ఇవాళ వేరే మాటలు మాట్లాడుకునేవాళ్ళం. ఎందుకు ఆగారు?"

ఆవిడకి తెలియదు. సంతకం పెట్టిన కాగితాన్ని మళ్ళీ ఎవరు చదువుతారు?

"చూసుకోలేదండి" అన్నాను.

ఇంతలో మా ఆవిడ ముద్ర వేయించుకుని వచ్చింది.

ఆగస్టు 16

నయమవుతుందా అని మా ఆవిడ అడిగింది. మందులిస్తాం, నొప్పి తగ్గిస్తాం, రోజులు పొడిగిస్తాం అన్నారు డాక్టరమ్మ. అడిగినదానికి అది జవాబు కాదని మా ఆవిడకి ఇంటికొచ్చేదాకా అర్థం కాలేదు.

ఆగస్టు 22

"నేను చూశాను. నా చేత్తో నొక్కి చూశాను. కాగితంలో లేదని ఊరుకున్నాను. అచ్చులో లేకపోతే లేనట్టేనా? నాకు బుద్ధుండొద్దా? నేనే మిమ్మల్ని..." అంటూ తల కొట్టుకుంటోంది.

నీ తప్పు కాదన్నాను. ఎవరి తప్పో చెప్పలేదు.

ఆగస్టు 23

ఇవాళా అదే మాట. నేనే, నేనే అని.

ఆగస్టు 31

తలకిందుల నెల అయిపోయింది. రేపటినుంచి డైరీ మామూలుగా పట్టుకోవచ్చు.

సెప్టెంబరు 10

అమ్మాయి ఫోను చేసింది. పరీక్ష చేయించుకుందట. ఇప్పటికి ఏమీ లేదు గాని ఏటా చూపించుకోవాలన్నారట. తన నానమ్మ నుంచి నాకూ, నా నుంచి తనకూ ఆ ముప్పు వచ్చి ఉండొచ్చట. ఇంకో రక్తపరీక్ష ఫలితం రావాలి.

"నాన్నా, మగవాళ్ళకి కూడా వస్తుందని మనకెవరూ చెప్పలేదేంటి?" అంది.

సిగ్నలు సరిగ్గా లేదని పెట్టేశాను. సిగ్నలు బాగానే ఉంది.

సెప్టెంబరు 18

మందు ఎక్కించే గది బయట నాలాంటివాడొకడు కూర్చున్నాడు. భార్య లోపల ఉందట. ఉక్కగా ఉందని చేతిలో కాగితంతో విసురుకుంటున్నాడు. మా కరపత్రమే. కాగితం ఊగినప్పుడల్లా మా ప్రెస్సు పేరు కనిపిస్తోంది. ఎదమీద చెయ్యి వేసి చూసుకో నాయనా అని చెబుదామనుకున్నాను. పిచ్చివాడనుకుంటాడని ఊరుకున్నాను. మా వరస పిలిచేదాకా పక్కపక్కనే కూర్చున్నాం.

సెప్టెంబరు 19

పదివేల కాపీలు. ఒక్కటి మా బీరువాలో.

సెప్టెంబరు 25

పేజీలు వెనక్కి తిప్పి ఏప్రిల్ 17 చదివాను. నాకోసం నేను రాసుకున్న డైరీలో కూడా అబద్ధం రాశాను.

గుర్తొచ్చింది. అప్పుడే గుర్తొచ్చింది. మా ఆవిడ బీరువా వైపు నడుస్తుండగా, తను తలుపు తెరవకముందే గుర్తొచ్చింది. తీసేసిన చేతులు నావి, గుర్తు రాకుండా ఎలా ఉంటుంది? తను ఒక్కో లైనూ చదువుతున్నంతసేపూ కిందికి వచ్చాక ఏం దొరకదో నాకు తెలుసు. దొరకకూడదనే కోరుకున్నాను. అచ్చులో లేకపోతే నా ఒంట్లోనూ లేనట్టే అనిపించింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు అదే పని చేశాను కదా, పట్టనిదాన్ని తీసేయడం.

అక్టోబరు 4

డాక్టరమ్మకి చెప్పేశాను. సంతకం తరవాత ఆ రెండు లైన్లూ నేనే తీశానని, ప్రెస్సు పేరు కోసం తీశానని.

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది. బల్లమీది కట్టలోంచి ఒక కాపీ తీసి మొదటిసారి చివరిదాకా చదివారు.

"ఆరేడు నెలలుగా నేనే పంచుతున్నాను వీటిని" అన్నారు.

తరవాత, "మీ ఆవిడకి తెలుసా?" అన్నారు.

తెలియదన్నాను.

"వచ్చినప్పుడల్లా నా దగ్గర, తప్పు నాదే, నేనే సరిగ్గా చూడలేదండీ అని ఏడుస్తున్నారు ఆవిడ" అన్నారు.

మళ్ళీ అచ్చు వేయించమన్నారు.

అక్టోబరు 13

ప్రెస్సుకి వెళ్ళాను. లౌడ్‌స్పీకరు మెట్లమీద నన్ను చిన్నపిల్లాడిలా ఎత్తుకున్నాడు. "బరువే లేవు నువ్వు!" అని అరిచి, తనే నాలుక కరుచుకున్నాడు.

మగవాళ్ళ లైన్లు ఈసారి అన్నిటికంటే పైన పెట్టాను. ఓనరు వెనకే నిలబడ్డాడు. ఆ మనిషికి సంగతి తెలిసినట్టుంది.

"బాబాయ్, మరి మన ప్రెస్సు పేరు..."

"జాగా లేదు" అన్నాను.

మారు మాట్లాడలేదు. మార్చిలో కూడా ఆ మాట మీదే నిలబడి ఉంటే ఇంతే జరిగేదేమో. గట్టిగా ఒక్కసారి అని చూస్తే సరిపోయేది. ఆ రోజు నాకు పనితనం చూపించుకోవాలనిపించింది.

అక్టోబరు 15

కొత్త కాగితం ఇంటికి తెచ్చి మా ఆవిడ చేతికిచ్చాను. నోటితో చెప్పలేకపోయాను.

మొదటి రెండు లైన్లూ చదివింది. లేచి బీరువా తెరిచింది. పాతదాని పక్కన కొత్తది పట్టుకుని, రెండిటిమీదా చెరో వేలు పెట్టి, పైనుంచి కిందికి చదివింది. ప్రెస్సు పేరు దగ్గర పాతదాని మీది వేలు ఆగింది.

"ఈ రెండు లైన్లూ డాక్టరమ్మ ముందే రాశారా?"

"రాశారు."

"తీసిందెవరు?"

"నేను."

"ఆ రోజు నన్ను వెళ్ళి చూసుకోమన్నప్పుడు మీకు గుర్తుందా?"

గుర్తు లేదనొచ్చు. నమ్మేది. ఆరు నెలల క్రితం కూడా నమ్మింది.

"ఉంది" అన్నాను.

బీరువా తలుపు పట్టుకుని నిలబడింది. తిట్టలేదు, ఏడవలేదు. రెండు నెలలుగా "నేనే, నేనే" అంటూ ఏడ్చిన మనిషి ఇవాళ ఏడవలేదు. తరవాత, బజార్లో వస్తువు ధర అడిగినట్టు అడిగింది.

"ఎంత జాగా పట్టేది?"

బొటనవేలూ చూపుడువేలూ దగ్గరగా పెట్టి చూపించాను. అర అంగుళం.

నా వేళ్ళమధ్య సందు చూసింది. నా ఎదమీది కట్టు చూసింది. మళ్ళీ సందు చూసింది.

"ఇంతేనా?" అంది.

అక్టోబరు 16

సాయంత్రం కట్టు మార్చింది. వేడినీళ్ళు పెట్టి, నొప్పి తెలియకుండా, రోజూలాగే మెల్లగా మార్చింది. మాట్లాడలేదు.

అక్టోబరు 17

కట్టు మార్చింది. మాట్లాడలేదు.